నరహరిగారు కత్తిరించనివ్వని మౌనం

పదవీ విరమణకు ముందటి ఏడు, అబిడ్స్‌లోని ఒక భక్తి రేడియో స్టూడియోలో ప్రవచనాల రికార్డింగ్ నాకు అప్పగించారు. నా హోదా సీనియర్ సౌండ్ ఇంజినీర్. పేరు గొప్పదే కానీ, పనంతా దగ్గులూ కుర్చీ కిర్రులూ ఏరిపారేయడమే.

ప్రతి వారం వచ్చే ప్రవచనకర్త నరహరిగారు. నాంపల్లిలో తరతరాలుగా పురాణం చెప్పే ఇల్లు వారిది. ఆయన కూతురు వైదేహి ఇంటర్ చదువుతోంది. కార్యక్రమంలో ఆ పిల్ల శ్రోతల తరఫున సందేహం అడుగుతుంది, తండ్రి తీరుస్తారు. ప్రశ్న, జవాబు రెండూ ఆయనే రాసుకొస్తారు కనుక తీరని సందేహం ఎన్నడూ రాలేదు. కార్తీకంలో నాంపల్లిలోని సత్సంగంలో ఆమె చేత తొలి ప్రవచనం చెప్పించాలని, ఇంటర్ కాగానే తన వెంట తిప్పుకోవాలని ఆయన ఆశ. ఆ మాట నాతో మురిపెంగా అనేవారు.

దసరా వెళ్లిన వారంలో ఆయన తెచ్చిన అంశం శరణాగతి. మైకుల దూరం సరిచూసి, రికార్డింగ్ మొదలైందని తెలిపే ఎర్రదీపం వెలిగించాను. వైదేహి తండ్రి రాసిచ్చిన కాగితాన్ని చప్పుడు కాకుండా పక్కన పెట్టింది. ఆ జాగ్రత్త నేను నేర్పిందే.

“నాన్నా, దేవుడున్నడని నాకు అనిపిస్తలేదు. అనిపించకుంటనే కార్తీకంల అందరికి ఎట్ల చెప్పాలె? నాకు పశువుల డాక్టర్ చదవాలని ఉంది,” అంది.

నా వేలు స్టాప్ మీట మీదికి వెళ్లింది. అద్దం అవతల నుంచి నరహరిగారు వద్దని చెయ్యి చూపారు. అలవాటుగా శ్లోకం అందుకోబోయి మొదటి మాట దగ్గరే ఆగిపోయారు. నా కంప్యూటర్ తెర మీద శబ్దం గీత చదునుగా సాగుతూనే ఉంది. ఆయన కోపం సంగతి తెలిసినవాణ్ణి కనుక నాకు భయం వేసింది. చాలాసేపటికి, “నాకు నమ్మకం ఉందమ్మా. అది నీకు తీసి ఇవ్వలేను. నమ్మని మాట నువ్వు చెప్పవద్దు,” అని, అసలు అంశంలోకి వెళ్లారు.

దీపం ఆర్పాక, ఇదంతా ఇక్కడెందుకు అడిగావని పిల్లను కసిరాను.

“ఇంట్ల అడిగితే కోపం చేస్తడు అంకుల్. మైకు ముందల నాన్న ఎన్నడు గొంతు పెంచడు,” అంది. వెనకాలే ఉన్న ఆయన, “ఔ, నిజమే,” అన్నారు.

ప్రసారంలో మాట లేని ఖాళీని మేము డెడ్ ఎయిర్ అంటాం. రేడియో పాడైందనుకుని వినేవాళ్లు వేరే స్టేషన్‌కు మారతారు కనుక కనిపించగానే కత్తిరించాలి. ప్రశ్నను కూడా కలిపి తీసేస్తానని సాయం చేస్తున్నట్టే చెప్పాను.

“ప్రశ్న ఉండనియ్యిండ్రి, ఇంజినీర్ సాబ్. నేను చుప్ ఉన్నది గూడ తీయకుండ్రి. అది తీస్తే జవాబు ముందుగాల్నే తయారున్నట్టు ఇనిపిస్తది. గట్ల లేకుండె,” అన్నారు.

కత్తిరించే పని నాది, ప్రసారానికి అనుమతి ప్రోగ్రామ్ మేనేజరుది. ఆ మేనేజరు గొణిగి, ఫోన్లు వస్తే నువ్వే ఎత్తుకోవాలన్న షరతు మీద ఒప్పుకున్నాడు. వచ్చాయి. కొందరు రేడియో ఆగిందా అని అడిగారు. ఖైరతాబాద్ నుంచి ఒక పెద్దావిడ, “ఆడపిల్లను గిట్లనా పెంచేది?” అని నరహరిగారిని వదిలి నన్ను తిట్టింది.

కార్తీక ప్రవచనం నరహరిగారే చెప్పారు. వైదేహిని బషీర్‌బాగ్‌లో ఎంట్రన్స్ కోచింగ్ దగ్గర స్కూటర్ మీద దింపి, ఒక్కరే స్టూడియోకు వచ్చేవారు. ఆ వెలితి ఆయన్ను బాధపెట్టిందని తెలుస్తూనే ఉండేది. ప్రశ్నలూ తనే వేసుకునేవారు. కొన్నిటికి తెలియదనేవారు, అంతకుముందు ఎన్నడూ ఆయన నోట వినని మాట.

ఆ తర్వాత నేను ఖాళీ కనిపించగానే కత్తిరించడం మానేశాను. ముందు పూర్తిగా వినేవాణ్ణి. చాలావాటిలో ఏమీ ఉండేది కాదు, తీసేశాను. కొన్నిట్లో మనిషి ఆలోచిస్తూ ఉండేవాడు, వాటిని ఉంచాను.