మూడు గదులకు మేనేజరు

ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో ఒక బజారు బజారంతా నాదేనని కొలువు చేసినన్నాళ్లూ చెప్పుకున్నాను. వినేవాళ్లు నోరు తెరిస్తే పక్క బజారు కూడా కలిపేవాడిని. ఉన్నవి మూడు రేకుల గదులు, ఒక బావి. బావిలో సగం పక్కింటివాళ్లది.

నా కొలువేమో కొత్తగూడెంలో. ఆదివారం బస్సెక్కి ఖమ్మం పోయి, కిరాయివాళ్ల ముందు కుర్చీ వేయించుకుని కూర్చునేవాడిని. ఒకడు రేకు కారుతోందనేవాడు, ఇంకొకడు బావి తాడు తెగిందనేవాడు. ఈ తలనొప్పి చూసి, రిటైరై ఖాళీగా తిరుగుతున్న మేస్త్రి ఒకడు తనంతట తానే వచ్చాడు.

"ఓనరు ఊకె కనబడొద్దు సారూ, భయం పోతది. నన్ను మేనేజరుగ పెట్టుకోండ్రి. మాటలన్నీ నేను పడ్త."

నాకు నచ్చింది. మా ఆవిడకు నచ్చలేదు.

"మూడు అర్రలకు మేనేజరా? కుక్కను కట్టేసుకో, అన్నం పెడితే చాలు."

ఎటూ తేల్చుకోకముందే వానలొచ్చాయి. నడిమి గదిలో ఉండే కాంపౌండరు తల్లిని, ఇక లాభం లేదని దవాఖానా వాళ్లు ఇంటికి పంపేశారు. నా ఇంటికి గృహప్రవేశమై ఏడాదైనా కాలేదు. చెడు నక్షత్రాన ప్రాణం పోతే ఇంటికి ఆర్నెల్లు తాళం వేయాలి. ఆ తర్వాతా ఎవరూ కిరాయికి దిగరు. కబురందగానే మా ఆవిడతో కలిసి పోయి, ముసలమ్మను వేరే చోటికి మార్చమన్నాను.

"మాకు తిథులు, నక్షత్రాలు లేవు సార్," అన్నాడు కాంపౌండరు. "ప్రార్థన చేసుకుంటం, అంతే. రెండ్రోజులు ఓపిక పట్టండి."

"నీకు లేకపోతే నాకున్నయి. ఇల్లు నాది."

మేనేజరు దేనికో అప్పుడు అర్థమైంది. ఆ మాట రెండోసారి నా నోటితో అనకుండా ఉండటానికి. మేస్త్రిని పిలిపించి, కొలువిచ్చాననీ మొదటి పని ఇదేననీ చెప్పాను.

తర్వాతి కథ అందరికీ ఇలా చెబుతూ వచ్చాను: మేస్త్రిది రాతిగుండె. ముసలమ్మను మంచంతో సహా బయటకు మోయించి, గోడవారన పడేసి, పైన టార్పాలిన్ కప్పాడు. ఆమె నీళ్లడిగితే, "పైనుంచి పడుతున్నయి గదా," అన్నాడు. తెల్లారేసరికి ఆమె పోయింది. నా కడుపు తరుక్కుపోయి వాణ్ణి ఆ పూటే వెళ్లగొట్టాను. మళ్లీ మేనేజరు పేరెత్తలేదు.

మొన్న వియ్యంకుడికి ఇదే చెబుతూ కండువాతో కళ్లు తుడుచుకున్నాను కూడా. పక్కన ఎల్లిపాయలు ఒలుస్తున్న మా ఆవిడ తలైనా ఎత్తలేదు.

"మేస్త్రి ఆ మంచం చూసి గేటు కాన్నుంచే ఉరికిండు గదా. తలదిక్కు నేను పట్టిన, కాళ్లదిక్కు నువ్వు పట్టినవ్. ఆ నీళ్ల మాటన్నది గూడ నువ్వే."