ఎనిమిదా, తొమ్మిదా?

నేను న్యూ టౌన్‌లో మెడికల్ కోడర్‌ని. అమెరికా డాక్టర్లు రాసిన ఆపరేషన్ నోట్సు చదివి, చేసిన పనికి సరిపడే బిల్లు కోడ్ వెయ్యడం నా ఉద్యోగం. మేముండే రేవు పేట వాట్‌గంజ్‌లో, మీ అమ్మాయి ఏం చేస్తుందని మా నాన్నని ఎవరైనా అడిగితే మాత్రం "ఏదో కంప్యూటర్ పని" అని మాట దాటేసేవాడు. నాకు ఒళ్ళు మండేది.

నా దగ్గరికి ప్రోస్టేట్ లేజర్ కేసులు ఎక్కువగా వస్తాయి. పెరిగిన గ్రంథిని ఆవిరి చేస్తే కోడ్ చివర ఎనిమిది, అదే లేజర్‌తో ఒలిచి తీస్తే తొమ్మిది. ముందు అంకెలన్నీ ఒకటే. 'లేజర్' అన్న మాట కనబడగానే ఎనిమిది వేసేసే తొందరగాళ్ళు నా చేత చీవాట్లు తింటారు.

ఆ ప్రోస్టేటే నాన్నకీ పెరిగింది. ఓ రోజు మూత్రం పూర్తిగా ఆగిపోతే, ఆసుపత్రిలో గొట్టం వేసి పంపారు. రేవులో క్రేన్ నడిపిన మనిషి, ఆ మూత్రపు సంచిని బజారు సంచిలో దాచుకుని ఇంట్లో కూర్చున్నాడు. చాయ్ దుకాణానికి వెళ్ళడం కూడా మానేశాడు. అయినా ఆపరేషన్ అంటే ససేమిరా అన్నాడు.

"లేజరంటే నిప్పే కదేటి? లోపల కాల్సేత్తారు. నాను సేయించుకోను."

చూసి చూసి డాక్టర్‌గారినే అడిగాను, ఆవిరి చేస్తారా, ఒలుస్తారా అని. గ్రంథి బాగా పెద్దది, ఒలుస్తామన్నారు. ఇంటికొచ్చి, కమలాపండు తీసుకుని నాన్న ఎదురుగా కూర్చుని, పైన చిన్న కన్నం చేసి తొనలు ఒక్కొక్కటే బయటికి లాగాను.

"కాల్చరు నాన్నా. తొక్క అలాగే ఉంటాది, లోపలి తొనలు ఒలిచేస్తారు. ముక్కలు చేసి, మూత్రం వచ్చే దారిలోంచే బయటికి తీసేస్తారు. పైన కోతే ఉండదు. దీన్నే మా ఆఫీసులో తొమ్మిదంటాం."

నాన్న ఆ ఖాళీ తొక్కని చేతిలోకి తీసుకుని, కన్నంలోంచి లోపలికి చూశాడు.

"అంటే ఓడ పక్క కొయ్యకుండా, పైమూత తీసి సరుకు దించినట్టేనా?"

"అంతే."

"మరా ముక్క ముందే సెప్పొచ్చు కదేటి!"

ఆపరేషన్ బాగా జరిగింది. గొట్టం తీసేసిన రోజు నేను వార్డుకి వెళ్ళేసరికి, నాన్న పక్కమంచం పెద్దాయన్ని బెంగాలీలో నిలదీస్తున్నాడు.

"దాదా, మీది ఎనిమిదా, తొమ్మిదా?"

పెద్దాయన తెల్లమొహం వేసి, ఇవన్నీ డాక్టర్ చెప్పారా అని అడిగాడు.

"డాక్టరెందుకు దాదా?" నాన్న గుమ్మంలో ఉన్న నన్ను చూపించాడు. "మా అమ్మాయి మెడికల్ కోడర్!"

వార్డంతా నావైపు తిరిగింది. గర్వంతో నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నెమ్మదిగా నాన్నా," అన్నాను. కానీ నాన్న ఇంకోసారి చెప్తే బాగుండుననిపించింది.