డాన్సోమన్‌లో చేపల పొగ

మొన్న ఉదయం ఇడ్లీల్లోకి కారప్పొడి చేద్దామని మిరపకాయలు వేయిస్తుంటే, పై ఫ్లాటులో కొత్తగా దిగిన అమ్మాయి ఫోన్ చేసి, "ఏమనుకోకండి ఆంటీ, ఆ ఘాటుకి పిల్లాడు ఒకటే దగ్గుతున్నాడండి, కాస్త కిటికీ వేసుకుంటారా?" అంది. వేసేశాను. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. కానీ స్టవ్ కట్టేసి, మోకాళ్ళు పట్టుకుని కుర్చీలో కూలబడ్డాక, ముప్పై ఏళ్ళ కిందట నా కోసం చోటు మారిన ఇంకో పొయ్యి గుర్తొచ్చి, ఇక ఆ పూట లేవబుద్ధి కాలేదు.

మా వారు అప్పట్లో చిలకలూరిపేటలో పత్తి జిన్నింగు మిల్లులో మెకానిక్కు. పెళ్ళయిన రెండో ఏడు ఆయనకు ఘనా దేశంలో అదే పని దొరికింది. మిల్లులేమో ఉత్తరాన, ఒక రోజు ప్రయాణం. మా కాపురం మాత్రం రాజధాని అక్రాలో, డాన్సోమన్ అనే పేటలో. ఎర్రమట్టి సందులు, మూతల్లేని కాలవలు, ఒక్కో ప్రహరీలో నాలుగైదు వాటాలు, అందరికీ కలిపి ఒకటే వాకిలి, ఒకటే కుళాయి. దారిలో నా కాలు జారితే ఎదురొచ్చేవాళ్ళు "సారీ" అనేవాళ్ళు. వాళ్ళేం చేశారని సారీ చెబుతున్నారో మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు; అది మన "అయ్యో పాపం" లాంటి మాటని తర్వాత తెలిసింది.

మా ఇంటిగలావిడకు యాభై దాటి ఉంటాయి. భర్త పోయాడు, పిల్లలు ఎక్కడెక్కడో స్థిరపడ్డారు. వాకిట్లో గుండ్రటి మట్టిపొయ్యి మీద జల్లెడలు పేర్చి, చేపలకు పొగబెట్టి బజారులో అమ్ముకునేది. నాకేమో అప్పుడే నెల తప్పింది; ఆ వాసనకు కడుపులో దేవేసేది. కుళాయి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆవిడ ముందే పైటకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేదాన్ని. ఒకరోజు కాగితంలో చుట్టి ఒక చేప ఇవ్వబోతే రెండడుగులు వెనక్కి వేశాను. చివరికి మా వారి చేత అడిగించి పొయ్యి మార్పించాను. ఆవిడ రెండు రోజులు తనే మట్టి పిసుక్కుని, వెనక గోడవారన కొత్త పొయ్యి కట్టుకుంది. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసింది.

ఏడో నెలలో, మా వారు ఉత్తరాన ఉండగా, నాకు జ్వరం వచ్చింది. మంచం దిగలేకపోయాను. మధ్యాహ్నం పెద్ద వాన పడింది. తీగ మీద నా చీరలు తడిసిపోతున్నా నేను బయటికి రాకపోవడం ఆవిడ చూసిందట. తలుపు నెట్టుకుని వచ్చి, నా ఒళ్ళు తాకి, వీధిలోకి పరుగెత్తి టాక్సీ తెచ్చింది. మలేరియా అన్నారు, ఇంకో పూట ఆగితే తల్లీబిడ్డా దక్కేవాళ్ళం కాదన్నారు. రోగికి మీరేమవుతారని నర్సు అడిగితే, ఈమె నా కూతురని చెప్పింది. నర్సు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి నవ్వితే, ఈవిడ నవ్వలేదు.

మా వారు వచ్చేదాకా నాలుగు రోజులు నా దగ్గరే ఉంది. పొయ్యి మీద చేపలన్నీ పాడైపోయి ఉంటాయి కదా అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను.

"చేపల గొడవ నీకెందుకు? ముందు నోరు తెరువు," అని గంజి పట్టింది.

ఇంటికొచ్చాక క్షమించమని అడగాలనుకున్నాను. మాటలు కూడబలుక్కునేదాన్ని, రేపడుగుదాంలే అనుకునేదాన్ని. పాప పుట్టింది, నీళ్ళు పోసిందీ, జోకొట్టిందీ ఆవిడే. గాలి మళ్ళినప్పుడు పొగ మా గదిలోకి వచ్చినా నేను ముక్కు మూసుకోలేదు, అదే చాలనుకున్నాను. పాపకు ఏడాది నిండగానే మిల్లు పని అయిపోయి, వారం రోజుల్లో బయలుదేరాల్సి వచ్చింది. ఆవిడ బంధువుల ఊళ్ళో ఎవరో పోతే వెళ్ళి ఉంది. పక్క వాటావాళ్ళకు తాళాలిచ్చి విమానం ఎక్కాను. రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు.

ఈమధ్య బోర్ల పని మీద అక్రా వెళ్ళిన మా వారి స్నేహితుడు ఆ సందు వెతికాడు. అన్నీ మేడలట, ఎత్తు గోడలట, ఆవిడ పేరు చెబితే ఎరిగినవాళ్ళు లేరట. ఇక్కడ మాత్రం ఏముంది? అక్కడ ఒకే వాకిట్లో ఉన్నప్పుడు మొహాలు ముడుచుకున్నా, ఆపద వస్తే అవతలి మనిషి పిలవకుండానే వచ్చేది. ఇప్పుడు అందరం మర్యాదగానే ఉంటాం, ఎవరి తలుపు వాళ్ళం వేసుకుంటాం. ఆవిడ ఉంటే ఎనభై దాటి ఉంటాయి. ఉండకపోనూ వచ్చు. చెప్పకుండా దాచుకున్న ఆ ఒక్క మాట నాతోపాటే ముసలిదైపోయింది.