ఖాళీ తాడు

మసాలా డబ్బాలో పసుపు గిన్నె మూత తీసినప్పుడల్లా, దాని వెనకే నాకు నల్ల టేపు వాసన కూడా తగులుతుంది. పసుపులో టేపు వాసన ఎక్కడిదత్తా అని మా కోడలు నవ్వుతుంది. దాన్ని నా ముక్కులో పెట్టిపోయినవాడు మునిస్వామప్ప.

కేజీఎఫ్ బంగారు గనుల లైను ఇళ్లలో ఆయనదీ మాదీ ఒకటే గోడ. గనిలో వైండింగ్ డ్రైవరుగా పనిచేశాడు. మనుషులు ఎక్కిన బోనును తాడు మీద భూమిలోకి దించి, మళ్లీ పైకి తెచ్చే పని. గని మూతపడ్డాక కూడా పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గడప మీద కూర్చునేవాడు. వీధిలో ఏ మిక్సీ ఆగినా ఆయన ముందుకే వచ్చేది. కళ్లకు పొరలు కమ్మాక స్క్రూలు విప్పడానికి నన్ను పిలవడం మొదలుపెట్టాడు. మూడో తరగతి దాటని నన్నెందుకప్పా అంటే, "మగోళ్లు చెప్పేదానికి ముందే విప్పేస్తారు. నువ్వు ఇంటావు" అన్నాడు.

ఆ ఏడు మేము బేతమంగళ దగ్గర పల్లపు భూమి గుత్తకు తీసుకుని టమాటా పెట్టాం. వాన పడితే ట్రాక్టరు దిగబడిపోయే నేల. అందుకని మా ఆయన ఎవరో వాడి వదిలేసిన ఏటీవీ కొన్నాడు. నాలుగు లావు చక్రాల బండి. దాని ముందు ఉక్కు తాడు చుట్టుకునే విన్చ్ ఉంటుంది. బండిని గట్టు మీద నిలిపి, టమాటా బాక్సులు పేర్చిన రేకు బల్లను ఆ తాడుతో పైకి లాగేవాళ్లం.

మొదటి కోత రోజున మొదటి బాక్సుకు పసుపు కుంకుమ పెట్టి, విభూతి పూసి పని మొదలుపెట్టాం. రెండో బల్ల వాలు మధ్యలో ఉండగా విన్చ్ ఆగిపోయింది. హ్యాండిల్ దగ్గరి స్విచ్ అరిగిపోయి, ఎంత నొక్కినా పలకలేదు. బల్ల కింద రాళ్లు అడ్డం పెట్టారు. మిగతా పంటంతా పల్లంలో ఉంది. కురుడుమలె వైపు ఆకాశం నల్లబడుతోంది. తడిస్తే కాయ పగిలిపోతుంది, మా ఆరు నెలల కష్టం అక్కడే కుళ్లిపోతుంది.

మా ఆయన కొత్త స్విచ్ కోసం మోటారు సైకిలు మీద ఊళ్లోకి పోయి, వస్తూ మునిస్వామప్పను కూడా వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. ఆయన బోర్లించిన బాక్సు మీద కూర్చుని, ముందు బ్యాటరీ నల్ల తీగ తీయించాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"మూడు తీగలుంటాయమ్మణ్ణీ. ఒగటి కరెంటు తెచ్చేది, ఒగటి తాడు చుట్టేది, ఒగటి వదిలేది. గుర్తు పెట్టకుండా ఒగటి గూడా పీకొద్దు."

మూడూ మట్టికొట్టుకుని ఒకే రంగులో ఉన్నాయి. నాకు పూజ పళ్లెం గుర్తొచ్చింది. కరెంటు తీగకు విభూతి, చుట్టేదానికి పసుపు, వదిలేదానికి కుంకుమ రాశాను. సంగతి చెబితే ఆయన ఒళ్లంతా కదిలేలా నవ్వి, నలభై ఏళ్లు పనిచేసినా తీగలకు పూజ చేసినోళ్లను చూడలేదన్నాడు.

కొత్త స్విచ్‌కు తీగలు బిగించి నల్ల టేపు చుట్టి, బ్యాటరీ తీగ మళ్లీ తగిలించాను. మా ఆయన, తాడు బల్లకు తగిలించే ఉంది, నొక్కెయ్ అన్నాడు. మునిస్వామప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. గనిలో తాడు మీద ఏ చిన్న రిపేరు జరిగినా, ముందు ఖాళీ బోను దిగి పైకి రావాలి, ఆ తర్వాతే మనుషులు ఎక్కాలి. కొక్కెం విప్పమన్నాడు. వాన వచ్చేస్తోందని మా ఆయన మొత్తుకున్నాడు.

"వాన నీ కాయను తడుపుతుంది. తాడు మనిషిని తీసుకుపోతుంది. ఇప్పు నాయనా."

విసుక్కుంటూనే తాడు వదులుచేసి కొక్కెం విప్పాడు. నేను చుట్టే వైపు నొక్కాను. తాడు చుట్టుకోలేదు, జరజరా బయటికి వచ్చింది. చెమట చేతులతో పసుపూ కుంకుమా కలిపేసి, తీగలు తారుమారు చేశాను. కొక్కెం తగిలించే ఉంటే, అడ్డం పెట్టిన రాళ్లు తీసి నొక్కగానే ఆ బల్ల పల్లంలో నిలబడ్డ కూలీల మీదికి జారేది. నా చేత కాదప్పా అని స్పానరు కింద పెట్టేశాను.

ఆయన దాన్ని తడిమి తీసి మళ్లీ నా చేతిలో పెట్టాడు. "తప్పు చేసినావు. ఖాళీ తాడు మీద చేసినావు. ఇంగేం కావల్ల? మార్చు."

మార్చాను. ఖాళీ తాడు చక్కగా చుట్టుకుంది. అప్పుడు కొక్కెం తగిలించి, ఆయన స్పానరుతో ఇనుము మీద మూడుసార్లు కొట్టాడు. గనిలో మూడుసార్లు గంట కొడితే బోనులో మనుషులు ఎక్కారని గుర్తట. నేను నొక్కాను. బల్ల తొణక్కుండా పైకి వచ్చింది. కూలీలు ఈలలు వేశారు. మా ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

ఒక్కొక్క బల్లా ఎక్కిస్తుంటే తుంపర మొదలైంది. ఆఖరి బల్ల మిగిలినప్పుడు ఆయన మెల్లగా అడిగాడు, "ఇది నేను నొక్కేదా అమ్మణ్ణీ?"

స్విచ్ మీద ఆయన బొటనవేలు పెట్టాను. కళ్లు మూసుకుని మోటారు శబ్దం విన్నాడు. నేను ఇంకా ఆపమనలేదు, వేలు తీసేశాడు. బల్ల సరిగ్గా గట్టు అంచున, జానెడు అటూ ఇటూ కాకుండా నిలిచింది. "దిగండప్పా, పైకొచ్చేసినాం" అన్నాడు. తర్వాత వానలో తడుస్తూ, టమాటాకు ఉప్పద్దుకుని తిన్నాడు. రసం ఇస్త్రీ చొక్కా మీద కారింది.

ఆయన పోయి చాలా కాలమైంది. మొన్న మా కోడలు స్కూటరు నేర్చుకుంటానంటే, బజారు వైపు పోనివ్వకుండా గని మట్టి పోసిన సైనైడు దిబ్బల పక్కనున్న మైదానానికి తీసుకుపోయాను. రెండుసార్లు పడింది. సిగ్గుతో ఎర్రబడి, ఇంటికి పోదామత్తా అంది.

"పడితే పడినావులే. ఎవరుండారిక్కడ చూసేదానికి? లెయ్" అన్నాను.

లేచింది. నేను తాళంచెవితో స్కూటరు మీద మూడుసార్లు కొట్టి, వెనక ఎక్కి కూర్చున్నాను.