వేలిముద్ర అన్న మాట

రిటైరయ్యే ముందటి ఏడు, కందులు మార్కెట్‌కు వచ్చే రోజుల్లో, కంపెనీ నన్ను వికారాబాద్‌కు డ్యూటీ మీద పంపింది. అప్పుడు నేను సీనియర్ నెట్‌వర్క్ ఇంజనీర్‌ని. ఒక సేటుకు తాండూరులో పప్పుమిల్లు, వికారాబాద్‌లో ఆఫీసు ఉండేవి. రోజూ వాట్సాప్‌లో పంపుకునే పప్పు రేట్లు పక్క మిల్లులకు తెలిసిపోతున్నాయని ఆయన పరేషాన్. రెండు కంప్యూటర్ల మధ్య నేరుగా, మూడో కంట పడకుండా ఫైళ్లు పోయే సాఫ్ట్‌వేర్ పెట్టడం నా పని.

తాండూరు కంప్యూటర్ దగ్గర మరియమ్మ ఉండేది. కోట్‌పల్లి వైపు కూలి చేసుకునే ఇంటి మనిషి. మిల్లులో కందులు చెరిగే పనికి చేరి, ఓపెన్ స్కూల్లో పది పాసై, ఆ కుర్చీ సంపాదించుకుంది.

ఈ పనిలో ఒక మెట్టు దాటెయ్యకూడదు. మొదటిసారి కలిసేటప్పుడు అవతలి కంప్యూటర్ తన ఆనవాలుగా కొన్ని అక్షరాలు, అంకెలు చూపిస్తుంది. మేం దాన్ని వేలిముద్ర అంటాం. రెండు వైపుల వాళ్లూ ఫోన్‌లో చదువుకుని సరిచూసుకోవాలి. తేడా వస్తే మధ్యలో ఎవరో దూరినట్టు లెక్క.

సేటు నా పక్కనే ఉన్నాడు. మరియమ్మకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాం. "అమ్మా, ముందు మీ వేలిముద్ర చూడాలె" అన్నాను.

"నేను ఏలుముద్రదాన్ని గాను సార్. పది పాసైన. సంతకం వెడ్త" అంది.

మా దిక్కు చదువు రాని మనిషిని ఏలుముద్ర అని ఎగతాళి చేస్తారు. అది తెలిసీ ఆ మాటే అన్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆఫీసులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత సర్దుకుని విడమరిచి చెప్తే ఆమె ఒక్కో అక్షరం చదివింది. అన్నీ సరిపోయాయి, లైను కలిసింది. పని పూర్తయిందని సేటు సంతకం పెట్టి ఇచ్చాడు.

కొన్నాళ్లకు మిగతా పని నేర్పడానికి తాండూరు పోతే ఆ కుర్చీలో సేటు మేనల్లుడు కూర్చున్నాడు. మరియమ్మ తలకు గుడ్డ చుట్టుకుని మళ్లీ కందుల దగ్గర ఉంది. నన్ను చూసి లేచి వచ్చింది.

"నేను సదివిన దాంట్ల తప్పొచ్చిందా సార్?"

లేదమ్మా అన్నాను.

"మరి సేటుకు జర చెప్పున్రి."

సిగ్గుతో ఆమె మొహంలోకి చూడలేకపోయాను. వెంటనే, ఆ రోజు మిల్లులోనే ఉన్న సేటు దగ్గరికి పోయి, ఆమె తప్పేమీ లేదని, కానిమాట వాడింది నేనని చెప్పాను. ఆయన కోపం చెయ్యలేదు.

"గప్పుడు మీరు గూడ నవ్విన్రు గద సార్. మీరే నవ్వినంక, గీ పని ఆమెతోని కాదనుకున్న. ఇగ మావోడు నేర్చుకుంటుండు, ఉండనియ్యిన్రి" అన్నాడు.

ఆ తర్వాత ఏ ఊళ్లో సాఫ్ట్‌వేర్ పెట్టినా వేలిముద్ర అనలేదు, ఆనవాలు అనే చెప్పాను. మాట మార్చుకోవడం తేలికే. ఇంజనీర్ నవ్వును కూడా ఎదుటివాళ్లు రిపోర్టుగానే తీసుకుంటారని మాత్రం ఆలస్యంగా తెలిసింది. మరియమ్మ గురించి నేను ఇచ్చిన రిపోర్టు అదొక్కటే.