పడమటి చంద్రుడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పసుపురంగు అంటే కొమ్ముపసుపు కాదు, కరక్కాయ రసం. పెడనలో మా నాన్నది అద్దకం పని. తెల్లటి గుడ్డను కరక్కాయ రసమూ గేదెపాలూ కలిపిన నీళ్లలో నానబెట్టి, పిండి, పెరట్లో ఆరేసేవాడు. ఆరాక దానికి లేత పసుపురంగు తేలేది. ఆ తరవాతే దాని మీద అచ్చులు పడేవి. అలాంటి గుడ్డల మధ్య పుట్టి పెరిగినదాన్ని కాబట్టి, ఆ రంగును చీకట్లో చూసినా గుర్తుపడతానని నాకు గొప్ప. ఒక అట్లతద్దినాడు ఆ గొప్ప కాస్తా పోయింది. దానితోపాటు ఇంకోటి కూడా పోయింది, అదే చెబుతాను.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. అంతకు ముందు ఏడు నన్ను చంటిపిల్లనని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. వీధిలో ఆడపిల్లలందరూ తెల్లవారుజామున లేచి గోంగూర పచ్చడితో చద్దన్నాలు తిని ఉయ్యాలలూగుతుంటే, నన్ను నిద్రే లేపలేదు. పొద్దెక్కి లేచి, పండిన గోరింటాకు చూసుకుంటూ రాగం తీశాను. అమ్మ నన్ను ఒళ్లోకి తీసుకుని, వచ్చే ఏడు నువ్వూ ఉపవాసం ఉందువుగానిలే అంది. ఆమె ఆ మాట మరిచిపోయి ఉంటుంది. నేను మాత్రం ఏడాది పొడుగునా దాన్ని కొంగున కట్టుకుని తిరిగాను.

ఆ వేసవిలో నాకు విషజ్వరం వచ్చింది. మంచం దిగేసరికి పుల్లలా అయ్యాను. అందుకని అట్లతద్ది దగ్గర పడుతుంటే నాన్న ఈసారికి వద్దన్నాడు. నేను పట్టిన పట్టు విడవలేదు. చివరికి అమ్మే నా పక్షాన నిలబడింది. ముందురోజంతా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తోరాలు ఎలా పేనాలో, పసుపు ముద్దతో గౌరమ్మను ఎలా చెయ్యాలో, వాయనం ఇచ్చేటప్పుడు కొంగు ఎలా పట్టాలో అన్నీ నేర్పింది. చంద్రుణ్ని చూసేదాకా పచ్చి మంచినీళ్లయినా ముట్టకూడదంది. ఎవరూ లేనప్పుడు తాగినా గౌరమ్మ చూస్తూనే ఉంటుందంది. అమ్మ నాతో అంతసేపు పెద్దవాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడటం అదే మొదటిసారి. నాకు ఒళ్లంతా పొంగిపోయింది.

మధ్యాహ్నం దాకా బాగానే నెట్టుకొచ్చాను. ఆ తరవాత ఉయ్యాల దిగుతుంటే కళ్లు బైర్లు కమ్మి పడిపోయాను. కళ్లు తెరిచేసరికి మా నడవలో చాప మీద ఉన్నాను. అమ్మ గ్లాసులో పాలు పట్టుకుని బతిమాలుతోంది. నేను పళ్లు బిగించేశాను. ఎదురింటి పిల్లలు ఉపవాసం ఉన్నారు, నేనెందుకు ఉండలేను అని నా పౌరుషం. నాన్న రంగు చేతులు కూడా కడుక్కోకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నన్ను చూసి పెరట్లోకి వెళ్లిపోయాడు. వెనకాలే అమ్మ కూడా వెళ్లింది.

ఆ రోజు ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది. దీపాలు పెట్టే వేళకి నాన్న వచ్చి నన్ను ఎత్తుకున్నాడు.

"లే తల్లీ, చంద్రుడొచ్చాడు" అన్నాడు.

పెరటి చివర మునగచెట్టు కొమ్మల వెనక నిజంగానే చంద్రుడు ఉన్నాడు. గుండ్రంగా, లేత పసుపుపచ్చగా, కొంచెం మసకగా ఉన్నాడు. అప్పుడప్పుడు వణికాడు కూడా. మబ్బుల్లో అలాగే కనిపిస్తాడులే అన్నాడు నాన్న. అమ్మ నా దోసిట్లో నీళ్లు పోసింది. అర్ఘ్యం వదలమంది. తనూ కళ్లు మూసుకుని రెండు చేతులూ జోడించింది. నేను ఆమెను చూసి అలాగే చేశాను. మనసులో గౌరమ్మతో, చూశావా, ఉన్నాను కదా అని చెప్పుకున్నాను.

తరవాత అమ్మ అట్లు తుంచి బెల్లంతో కలిపి పెట్టింది. అంత రుచైన తిండి నేను మళ్లీ తినలేదు. నువ్వూ తినమ్మా అంటే, వాయనాలు ఇచ్చి వచ్చి తింటానంది. నన్ను పడుకోబెట్టి, నిద్రపోయాననుకుని పక్కింట్లో పూజకి వెళ్లింది.

నిద్ర ఎలా పడుతుంది? మొదటి అట్లతద్ది గెలిచినదాన్ని. పైగా ఆ ఇంటి అక్క కథ బాగా చెబుతుందని పేరు. లేచి పరుగెత్తాను. ఆడవాళ్లందరూ చేతుల్లో అక్షింతలు పట్టుకుని కూర్చున్నారు. నేను వెళ్లి అమ్మ పక్కన చతికిలబడ్డాను. అమ్మ నన్ను చూసి ఉలిక్కిపడింది. ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు.

కథ మీకూ తెలిసిందే. ఒక రాజకూతురు అట్లతద్ది నోము పట్టి ఉపవాసంతో సొమ్మసిల్లిపోతుంది. అన్నలు చూడలేక, చెట్టు వెనక మంట వేసి, అద్దంలో దాని వెలుగు చూపించి, అదిగో చంద్రుడంటారు. పాపం ఆ పిల్ల నమ్మి తినేస్తుంది. నోము చెడిపోయి ఆమెకు ముసలి మొగుడి సంబంధాలే వస్తాయి. పక్కింటి అక్క మంట దగ్గరికి వచ్చేసరికి నా గుప్పిట్లో అక్షింతలు చెమటకి తడిసిపోయాయి. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ దీపం వైపు చూస్తోంది.

ఇంతలో బయట పిల్లలు చంద్రుడొచ్చాడని అరిచారు. అందరూ వాకిట్లోకి వెళ్లారు. మబ్బు విడిపోయి, కాలవగట్టు మీద, ఒక పక్క కాస్త అరిగిన చంద్రుడు పైకొస్తున్నాడు. అది తూర్పు. మా మునగచెట్టు ఉన్నది పడమర. నేను వెనక్కి తిరిగి చూశాను. అక్కడ చీకటి తప్ప ఏమీ లేదు. పొద్దున లేస్తే సూర్యుడికి దండం పెట్టే ఇల్లు మాది, ఆపాటి దిక్కులు నాకూ తెలుసు. ఆకలి మీద ఆ సాయంత్రం దిక్కు చూసుకోలేదు, అంతే.

అమ్మ ఆ తూర్పు చంద్రుడికి మళ్లీ అర్ఘ్యం వదిలింది. ఈసారి నా దోసిట్లో నీళ్లు పొయ్యలేదు.

నేను ఒక్కదాన్నే మా పెరట్లోకి వెళ్లాను. మునగచెట్టుకి గుడ్డలు ఆరేసే వెదురుగడ ఆనించి ఉంది. దాని చివర మా పిండి జల్లెడ. జల్లెడకు బిగించి కట్టిన కరక్కాయ గుడ్డ. వెనక ఆర్పేసిన లాంతరు. గడ వంచి చేత్తో తాకితే గుడ్డ ఇంకా వెచ్చగానే ఉంది.

నాన్న నా వెనకే వచ్చి నవ్వాడు. బాగా కుదిరింది కదే అన్నాడు. నోము కథ దగ్గర మగవాళ్లు కూర్చోరు. అందుకని ఆయనకు ఆ అన్నల సంగతి తెలియనే తెలియదు. తన సొంత తెలివే అనుకున్నాడు. నాకిప్పుడు ముసలి మొగుడొస్తాడని నేను ఏడుస్తుంటే ఇంకా నవ్వాడు. వస్తే అచ్చులు విసిరి తరిమేస్తానన్నాడు. ఆయన మీద నాకు కోపం వచ్చింది కానీ, గుండె పగిలింది ఆయన వల్ల కాదు. అమ్మ ప్రతి ఏడూ ఆ కథ విన్నది. అంతా తెలిసీ నా పక్కన నిలబడి లాంతరుకి దండం పెట్టింది. గౌరమ్మ చూస్తూనే ఉంటుందని చెప్పిన నోటితోనే అర్ఘ్యం వదలమంది. తన ఉపవాసం నిజం, నాది బొమ్మలాట. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

అమ్మ ఇంటికి రాగానే, కథ నీకు తెలుసు కదా అని ఒక్కటే అడిగాను.

"తెలుసు. గుర్తొచ్చింది కూడా" అంది అమ్మ. "గుర్తొచ్చినా చేశాను. నీ కడుపులో ఒక్క ముద్ద పడితే చాలనిపించింది."

ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే కళ్లు చెమరుస్తాయి. అప్పుడు మాత్రం నాకు అందులో ప్రేమ కనిపించలేదు. ఆ ముక్క ముందే నాతో అంటే సరిపోయేది కదా అనిపించింది. నిజం చెప్పాలంటే ఈ వయసులోనూ అలాగే అనిపిస్తుంది.

ఆ తరవాత చాలా రోజులు మా ఇంటికి ఏ ముసలాయన వచ్చినా నేను తలుపు వెనక దాక్కున్నాను. కరక్కాయలు అమ్మే తాతకైతే మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఆయన, ఈ పిల్లకి నేనేం అపకారం చేశానమ్మా అని అమ్మను అడిగాడు.

మరుసటి ఏడు మళ్లీ ఉపవాసం ఉన్నాను. ఆ సాయంత్రం మబ్బు లేదు. నాన్న వాకిట్లోంచి, రా తల్లీ, చంద్రుడొచ్చాడని పిలిచాడు. నేను ఆయన్ని దాటుకుని పక్కింటికి పరుగెత్తి, నిజమేనా అక్కా అని అడిగి వచ్చాను. వచ్చేసరికి నాన్న అక్కడే నిలబడి ఉన్నాడు. ఆయన ముఖంలో నవ్వు లేదు. ఆ తరవాత ఏ అట్లతద్దికీ ఆయన నన్ను పిలవలేదు. అరుగు మీద తూర్పుకి తిరిగి కూర్చునేవాడు. ఆయన తల ఎత్తాడంటే నేను బయటికి వచ్చి, నా కళ్లతో చూసుకుని, లోపలికి వెళ్లేదాన్ని. నా పెళ్లి దాకా అలాగే జరిగింది.

మా ఆయన ముసలివాడేం కాదు, నాకంటే నాలుగేళ్లు పెద్ద. నన్ను గుడివాడ ఇచ్చారు. మా అమ్మాయికి తొమ్మిదో ఏట అట్లతద్ది మొదలుపెట్టించాను. కథ మాత్రం సాయంత్రం దాకా ఆపలేదు, చద్దన్నం పెడుతూనే చెప్పేశాను. సాయంత్రం మబ్బు కమ్మింది. పిల్ల ముఖం వాడిపోయింది. చంద్రుడు ఎప్పుడొస్తాడమ్మా అని అడిగింది.

"ఇంకా రాలేదు. ఎప్పుడొస్తాడో నాకూ తెలీదు" అన్నాను. "ఆగలేకపోతే తిను తల్లీ. గౌరమ్మకి నేను చెప్పుకుంటాను."

అది కాసేపు ఆలోచించి, గ్లాసుడు పాలు తాగి, గుమ్మంలో కూర్చుంది. దాని పక్కన కూర్చుని తాతయ్య చంద్రుడి సంగతి చెప్పాను. అంతా విని, అమ్మమ్మ వాళ్లింట్లో ఆ చంద్రుడు బాగున్నాడా అని అడిగింది. చాలా బాగున్నాడన్నాను. నిజమే, అసలువాడి కంటే బాగున్నాడు.

ఇవాళ్టికీ ఎవరైనా చంద్రుడొచ్చాడంటే నా కళ్లు ముందు తూర్పు ఎటో వెతుక్కుంటాయి. ఆ తరవాతే తల ఎత్తుతాను. మా నాన్న తన జీవితంలో నాకు చెప్పిన అబద్ధం అదొక్కటే. ఆయన పోయేదాకా ఆయన చెప్పిన నిజాలన్నిటికీ కూడా నేను ముందు దిక్కు చూసుకున్నాను.