సూక్ష్మజీవి లేని చీము

మొన్న మా అమ్మాయికి ఆటలమ్మ పోసింది. పక్కింటావిడ తెచ్చిన వేపాకు వాసన గదంతా నిండితే దీనమ్మ గారు గుర్తొచ్చారు. తొంభైల్లో విశాఖ మన్యంలో, హుకుంపేట వైపు ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో ఆవిడ హెడ్ నర్సు, నేను కొత్తగా చేరిన ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఆవిడకి మనుషుల మీద ఎంత ప్రేమో, వాళ్ల మాటల మీద అంత అనుమానం. థర్మామీటరు చూపించిన జ్వరాన్ని కూడా చేత్తో తాకితే గానీ నమ్మేవారు కాదు. నాకు ఒళ్లు మండేది.

ఒక ఉదయం బుద్రి అనే బాలింతని డోలీలో మోసుకొచ్చారు. కాలిపోయే జ్వరం, ఎర్రబడిన ఒంటి నిండా చీము పొక్కులు. బిడ్డని ఎత్తుకుని పాలివ్వలేకపోతోంది. ఆమె మొగుడు గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"అమ్మోరమ్మా. సూదెయ్యొద్దు," అన్నాడు.

దీనమ్మ గారు వినలేదు. డాక్టరు గారు రాసిన యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు రెండు రోజులు వేశారు. పొక్కులు తగ్గకపోగా ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. బుద్రి మాట కూడా నీరసించింది. పొక్కు నుంచి తీసిన చీములో నాకు సూక్ష్మజీవులేవీ కనబడలేదు.

"సీముంటే పురుగుండదేటి? స్లైడు పాడుసేసుంటావు. బేగి మళ్లీ తియ్యి," అన్నారు దీనమ్మ గారు.

తీశాను. లేవు. మూడోసారి ఆవిడే మైక్రోస్కోపులో చూశారు. చాలాసేపటికి లేచి, తిన్నగా బుద్రి మంచం దగ్గరికి వెళ్లారు.

"ఇది రాకముందు ఏటి మందు మింగినావు?"

"ఏటీ నేదమ్మా."

"నిజం సెప్పు, తల్లీ."

"పొలుసుల మచ్చలుండేవి. సంతలో మాత్రలు కొని నెలల తరబడి మింగినాను. తగ్గినాయి. మొన్న పక్కింటి గుంటకి అమ్మోరొచ్చింది. అప్పుడు మందు మింగితే తల్లికి కోపం కదా? మానీసినాను."

కొంగు ముడిలో మిగిలిన మాత్రలు చూసి మా డాక్టరు గారు స్టెరాయిడ్ అన్నారు. ఆ పూటే ఆమెని జీపులో స్టేషనుకి చేర్చి విశాఖ రైలెక్కించాం. అక్కడి డాక్టర్లు ఇది సోరియాసిస్‌లో అరుదైన రకమనీ, ఎవరికీ అంటదనీ చెప్పారు. ఒంటిని కాపాడాల్సిన తెల్లకణాలే, శత్రువెవరూ లేకుండా, సొంత చర్మం మీద విరుచుకుపడ్డాయట. ఆ చీము వాటిదే. మాత్రలు ఒక్కసారిగా మానడంతో అణిగి ఉన్నది రేగింది. బుద్రి బతికింది. అది విన్న రోజు నేను ల్యాబ్‌లో కూర్చుని ఏడ్చాను.

దీనమ్మ గారు మాత్రం అందరి ముందూ నాతో అన్నారు. "నీ స్లైడు నిజమే సెప్పింది. నా అనుమానంతో ఒక పూట పోగొట్టినాను. ఇంకోసారి నేనలాగంటే నా మీద తిరగబడు."

ఆవిడ పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ నా ల్యాబ్‌కి రోగి ఎవరొచ్చినా ఏం వాడుతున్నారని అడిగి ఊరుకోను. ఏది మానేశారని కూడా అడుగుతాను. ఏమీ లేదంటే, కుర్చీ దగ్గరికి జరుపుకుని మళ్లీ అడుగుతాను.